టైలరు కనిపెట్టిన రేవు

"అబ్బే, నా గొప్ప నేను చెప్పుకోవడం నాకసలు ఇష్టముండదు బావా. అడిగావు కాబట్టి చెప్తున్నాను," అన్నాడు టైలరు, టీ కొట్టు బల్ల మీద ముందుకు జరిగి.

బావ ఏమీ అడగలేదు. ఆదివారం పిల్లలందర్నీ బోటులో తిప్పుకొస్తానని టైలరే వెంటపడుతున్నాడు. బోటు బావది, దాని తాళంచెవి బావ జేబులో ఉంది. పిల్లలేమో మామయ్యతో షికారని అప్పుడే గంతులేస్తున్నారు. ఇప్పుడు బావ కాదంటే వాళ్ళ ముందు టైలరు తలెత్తుకోలేడు.

"మొన్న నువ్వు బోటిస్తే ఒడ్డు వెంబడే ఓ చుట్టు తిరిగొద్దామని బయల్దేరాను, అంతే. ఎండ మండిపోతోంది, సముద్రం చూస్తే ఇస్త్రీ చేసిన గుడ్డలా ఉంది. రాళ్ళ మలుపు దాటానో లేదో, గాలికి నా టోపీ ఎగిరి నీళ్ళలో పడింది. ఊరుకుంటానా? బోటుని గిరగిరా తిప్పి అందుకున్నాను. తలెత్తి చూద్దును కదా, అల! ఎంతుందనుకున్నావ్?"

"మోకాలంత?" అన్నాడు పక్కనే టీ తాగుతున్న సెలూన్ అతను.

"మోకాలా! ఈ కొట్టు మీద ఇంకో కొట్టు పెట్టు, అంత! నేను కంగారు పడలేదు. 'చూడమ్మా, నాకు పనుంది' అన్నాను. నిలువునా చీలిపోయింది బావా! మధ్యలోంచి నేను పోతుంటే రెండు పక్కల నుంచీ చేపలు తొంగి చూస్తున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పు," అన్నాడు బావ.

"తిమింగలం! బోటు కింద దూరి నన్ను వీపు మీద ఎక్కించుకుంది. ట్యాంకులో పెట్రోలు అసలు తగ్గలేదేమిట్రా అని అడిగావే, ఇదీ సంగతి. ఎంత దూరం పోయామంటే దారిలో నాకు గడ్డం పెరిగింది."

"ఆ సాయంత్రం నున్నగానే ఉన్నావుగా?" అన్నాడు సెలూన్ అతను.

"ఉప్పుగాలికి రాలిపోయింది. సరే, తిమింగలం నన్నో చిన్న రేవులో దించింది. ఏ మ్యాపులోనూ ఉండదది. పాత జెట్టీ, ఆరేసిన వలలు, ఇళ్ళన్నీ సముద్రానికి వీపు పెట్టి ఉన్నాయి. వాళ్ళ భాష మనకి రాదు. ఇంతలో ఓ కిటికీ తెరుచుకుంది. చూస్తే ఆ దేశపు రాణి! మొహానికి ముసుగు, కళ్ళు మాత్రం కనపడుతున్నాయి. దాహమని సైగ చేశాను. ఆవిడా సైగ చేసి, తన చేతులతో ఏదో పానీయం అందించింది. ఆ రుచి ఈ కొట్టులో ఏడు జన్మలెత్తినా దొరకదు, టీ పోసే అక్క ఏమీ అనుకోకూడదు. తాగాక, రాజ్యం మొత్తం నన్నే ఏలుకోమంది. 'పిల్లలకి మాటిచ్చాను తల్లీ, ఆదివారం షికారుంది' అని దణ్ణం పెట్టి వచ్చేశాను."

కోతల సంగతెలా ఉన్నా, వేరే రేవు దాకా వెళ్ళి బోటుకి గీత పడకుండా తెచ్చాడంటే పనిమంతుడే అనుకున్నాడు బావ. జేబులో చెయ్యి పెట్టాడు.

"ఆగండి అన్నయ్యా," అంది టీ కొట్టు అక్క గ్లాసులు కడుగుతూ. "ఆ రాణిని నేనే."

టైలరు చటుక్కున ఆవిడ వైపు తిరిగాడు.

"ఈ కొట్టు వెనక గది కిటికీ దగ్గర బూజులు దులుపుతూ మొహానికి తువ్వాలు కట్టుకున్నాను. నువ్వొచ్చి నోరు చూపించి చేతులు తిప్పావు. పన్ను పీకించుకుని మాట్లాడలేకపోతున్నావేమో పాపం అని నేనూ సైగలే చేశాను. టోపీ కోసం తిరిగిన తిరుగుడులో ఇటే వచ్చేశావు తమ్ముడూ. పొద్దస్తమానం మిషను ముందే కూర్చుంటావు, మన రేవుని నీళ్ళ వైపు నుంచి ఎప్పుడు చూశావు గనక? ఇంకో నాలుగడుగులేస్తే నీ షాపే కనపడేది."

"మరి రాజ్యం ఏలుకోమన్నావట?" అన్నాడు సెలూన్ అతను.

"అది గ్లాసు కడిగి పెట్టమన్న సైగ."

కొట్టంతా ఘొల్లుమంది. టైలరు మాత్రం బావ జేబు వైపే చూస్తున్నాడు. పిల్లలకి ఏం చెప్పాలో అతనికి తోచలేదు. బావ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు.

"తీసుకోరా. దారి తప్పినా నువ్వు మనూరికే వస్తావని తేలిపోయింది. పిల్లల్ని నీతో పంపడానికి ఇంకేం భయం?"