పచ్చ లైటు

ఆసుపత్రి వరండాలో గోడవారగా ఒక బల్ల. దాని మీద వదినా మరిదీ కూర్చున్నారు. తలుపు అవతల ఆవిడ భర్త చేతికి ఆపరేషను జరుగుతోంది.

“నేనేనయ్యా. నా పాడు చేతులే.”

“అబ్బ, మళ్ళీ మొదలుపెట్టావా వదినా! ఇంజను జారితే నువ్వేం చేస్తావు?”

“నువ్వు పక్కనుంటే జారేదా? నువ్వు చైను పట్టుకుంటే ఆయన బోల్టులు విప్పుతారు. మెకానిక్ షెడ్డు పెట్టినప్పట్నుంచీ అంతేగా! నీకు ఫోను చేశారు. చేసి చేసి, స్విచ్చాఫ్ వస్తోందని ఒక్కరే పనిలోకి దిగారు.”

“ఎవరు చెప్పారు నీకు?”

“పక్క షెడ్డు పెయింటరు. ‘మావాడు మొద్దునిద్రలో ఉన్నట్టున్నాడు, పోనీ పడుకోనీలే’ అన్నారట, నవ్వుతూ.”

“అన్నాడా? అన్నయ్యా?”

“అన్నారట. ఎంత నిద్రలో ఉన్నా ఫోను మోగితే లేచేవాడివే. నేనే మోగనివ్వలేదు. నీ బ్యాటరీ పట్టుకెళ్ళి వంటింట్లో క్లిప్పుకి పెట్టాను.”

“పెడితే ఏమైంది? రోజూ పెట్టేదేగా. మన ఫోన్లలో పిన్ను గుచ్చే చోటు పాడై ఎన్నాళ్ళయింది? ఇంట్లో అందరి బ్యాటరీలకీ ఆ క్లిప్పు ఛార్జరే గతి.”

“రోజూ పెట్టినట్టు పెట్టినా బాగుండేది. ఇవాళ అదీ చేతకాలేదు. ఛార్జింగు ఎక్కుతుంటే వచ్చే ఎర్ర లైటు రాదే! పెట్టీ పెట్టగానే పచ్చది వెలిగింది.”

“వెలిగితే వెలిగింది, వదిలెయ్.”

“ముళ్ళు తిరగేసి పెట్టానేమో అనుకున్నా. తీశా, కొంగుతో తుడిచా, అటుదిటు చేశా. మళ్ళీ పచ్చదే. కాసేపుంటే అదే ఎర్రగా అవుతుందిలే అని అక్కడే వదిలేసి, బట్టలు ఆరెయ్యడానికి మేడ మీదకి పోయా. బుద్ధున్నదాన్నయితే తెచ్చి నీ ఫోనులో పెట్టనూ?”

“వదినా, మంచినీళ్ళు తెస్తా.”

“నాకొద్దు.”

“పోనీ టీ?”

“ఎక్కడికయ్యా మాటిమాటికీ లేస్తావు? కూర్చో. రెంచి పట్టుకునే చెయ్యి... ఆ వేళ్ళు మళ్ళీ వంగుతాయంటావా?”

“వంగుతాయి. డాక్టరు చూద్దామన్నాడుగా. చూద్దామంటే... వంగుతాయి.”

“కళ్ళు తెరవగానే చెప్పేస్తా.”

“ఏమని?”

“మీ చెయ్యి ఇలా చేసింది నేనేనని.”

“వద్దు! చెప్పకు. బ్యాటరీ అయిపోయిందందాం. అంతే. అయిపోయింది.”

“ఆ మనిషితో అబద్ధమా?”

“అబద్ధమని కాదు... అదే... బ్యాటరీ అన్నాక అయిపోదా?”

“నన్ను కాయాలని నీ తాపత్రయం. పిచ్చి నాయనా, మధ్యలో నువ్వెందుకు? తిడితే నన్నే తిట్టనీ. తిట్టరు, అదే నా ఏడుపు. ‘పోనీలేవే’ అంటారు. ఆ మాట నేనెలా వినేది?”

“వదినా, అది కాదు...”

“నిన్ను లేపి ఒక్కమాట అడిగినా సరిపోయేది. ఫోను మూత తీసి ఉంది, బ్యాటరీ దిండు పక్కన ఉంది. ఛార్జింగుకి ఇవ్వబోయి అలాగే కునుకు పట్టిందేమో, అలిసిపోయాడు పాపం, అనుకున్నా... ఏంటయ్యా, అలా నేల చూపులు చూస్తావు?”

“చెయ్యి నలిగినాయన తాలూకు ఎవరండీ? మెలకువ వచ్చింది. ‘మా తమ్ముడు ఏమైనా తిన్నాడా’ అని ఒకటే అడుగుతున్నారు. ఒక్కరే రావాలి.”

“వస్తున్నా నర్సమ్మా. నేను, ఆయన భార్యని.”

“ఆగు వదినా. నేను వెళ్తా.”

“నువ్వెందుకు? తప్పు చేసింది నేనైతే!”

“నువ్వేమీ తిరగేసి పెట్టలేదు వదినా. బ్యాటరీ నిండుగానే ఉంది. ఇంజను దింపడానికి అన్నయ్య పిలుస్తాడని తెలిసే, నేను ఊడదీసి పడుకున్నా.”