ఒంటిపూట పిల్లి

చోడవరం, 1954. అనంతరామయ్యగారి పెరటి గుమ్మం. ఆయన అక్కగారు లక్ష్మీసుందరమ్మ, పాలు పోసే సన్యాసమ్మ.

“దగ్గరికి రాకే సన్యాసమ్మా, మడి కట్టుకున్నాను. అక్కణ్ణించే చూడు.”

“దాన్ని సంకనేసుకుని నన్ను దగ్గరికి రావద్దంటారేటి అమ్మగోరూ? పిల్లికి లేని మైల నాకొచ్చిందేటి?”

“వేళాకోళాలకి సమయం కాదే. ఇదిగో, దీని వీపు చూడు.”

“ఓలమ్మ. ఇది మన ముత్యమేనా?”

“ముత్యమే. చేత్తో రాస్తే చాలు, గుప్పెడు బొచ్చు వస్తోంది.”

“డొక్కలు లెక్కెట్టొచ్చు. గజ్జేమోనమ్మా.”

“గజ్జి కాదుట. పశువుల ఆస్పత్రి కాంపౌండరు గణపతిరావు వచ్చి చూసేడు. గజ్జీ కాదు, పురుగులూ లేవు, ఎద్దయితే ఏదో ఒకటి చెబుదును గానీ పిల్లి సంగతి నాకేం తెలుసండీ అని వెళ్ళిపోయేడు. వేపనూనె రాసేను. పసుపు రాసేను. వెంకన్నకి ముడుపు కూడా కట్టేను.”

“పిల్లికి ముడుపేటమ్మా.”

“ఇంకెవరికి కట్టమంటావు? నాకెవరున్నారు?”

“సరే, సరే. తమ్ముడుగోరేటంటన్నారు?”

“ఈ తెగులు ఇంట్లో పిల్లలకి అంటుకుంటుందంటున్నాడు. మధ్యాహ్నం పంచదార ఫేక్టరీకి చెరుకు బళ్ళు వెళ్తాయి కదా, గోనెలో కట్టి వాళ్ళ చేతికిచ్చేస్తాట్ట. దారిలో ఎక్కడేనా వదిలేస్తారు.”

“ఈ ఒంటితోనా? కుక్కలు పీకేస్తాయి.”

“అందుకే నిన్ను పిలిచేను. మీ ఇంట్లో ఎప్పుడూ నాలుగైదు పిల్లులుంటాయి. ఏ మందు వేస్తావో చెప్పు. ఆకో, పసరో, ఏదేనా. బళ్ళొచ్చేలోగా దీని రోగమేదో తెలిస్తే తమ్ముడి కాళ్ళేనా పట్టుకుంటాను.”

“మా పిల్లులకి మందెవలేస్తారమ్మా. దీనికేటెడతన్నారు?”

“పెడుతూనే ఉన్నాను.”

“అదే, ఏటి?”

“నేనేం తింటే అదే. నాకంటే ముందు దానికే కలిపి పెడతాను. చారూ అన్నం, మజ్జిగన్నం.”

“రాత్రికో?”

“రాత్రి నేను తిననుగా.”

“మీ సంగతి కాదమ్మా, పిల్లి సంగతి.”

“దానికీ అలవాటైపోయింది.”

“ఏకాదశికో?”

“ఆవేళ నేను పొయ్యి వెలిగించను. అరవదు కూడానూ పాపం. నా ఎదురుగా కూచుని నా మొహమే చూస్తూ ఉంటుంది. పూర్వజన్మలో తపస్సు చేసుంటుందని మా మరదలు జానకి నవ్వుతుంది.”

“నవ్వుతారు. ఎలకల్ని పట్టదేటి?”

“కిందటేడు ఒకదాన్ని పట్టి తెచ్చి దేవుడి గదిలో పెట్టింది. ఇల్లంతా కడిగించేరు. అప్పట్నించీ చీకటి పడితే నా గదిలో ఉంచి గొళ్ళెం వేసేస్తున్నాను. దాన్నెవరేనా ఒక మాటంటే నేను పడలేనే.”

“పగలో?”

“పగలు నా ఒళ్ళోనే.”

“అయితే ఏడాది పొడుగునా మజ్జిగన్నమేనన్నమాట.”

“గిన్నె నాకేసేదే.”

“అమ్మగోరూ, తప్పుగా అనుకోకండి.”

“చెప్పు.”

“మొగుడు పోయింది మీకు. దానిక్కాదు.”

“ఎంత మాటన్నావే.”

“కోపమొచ్చిందేటమ్మా?”

“లేదే. అయితే ఇది రోగం కాదా?”

“రోగమూ నేదు, తెగులూ నేదు. పిల్లి పుటక పుట్టింది, నీసు లేక సస్తంది.”

“అంటే నేనే చంపుతున్నానా?”

“ముద్దుకి పెట్టేరు, మీకేటి తెలుసు. నాకిచ్చేయండి. రోజూ నాలుగు చేప తలకాయలు పడేస్తాను. బతికితే బతుకుతాది.”

“నీ ఇంట్లో నీసు తిన్నాక మళ్ళీ దీన్ని నా గదిలోకి రానిస్తారా?”

“ఎందుకు రానిస్తారమ్మా.”

“పోనీ నా దగ్గరే ఉంచుకుంటే?”

“మధ్యాన్నం బళ్ళొస్తాయి కదా.”

“చూద్దామన్నా నన్ను మీ పేటకి పంపరే.”

“తెలుసమ్మా.”

“ఇదిగో, కింద పెడుతున్నాను, నువ్వు ఎత్తుకో. మెడ దగ్గర పట్టుకోకు, నొప్పి. ఈ పాత గుడ్డ కూడా తీసుకో. చలికి వణుకుతుంది.”

“సరేనమ్మా. ఏడవకండి.”

“సన్యాసమ్మా, ఊడిన బొచ్చు మళ్ళీ వస్తుందంటావా?”

“ఎందుకు రాదమ్మా. రెణ్ణెల్లు కడుపునిండా తింటే అదే వస్తాది.”

“రావడానికేం, నా జుట్టూ వస్తుందే, పన్నెండో ఏటి నించీ. వచ్చినప్పుడల్లా మంగలికి కబురెళ్తుంది.”