జీడి బట్టీ కాడ పిట్ట వైద్యం

పలాసలో పశువుల ఆసుపత్రి గేటు ఇంకా తీయలేదు. ఎదురుగా గౌరి టీ బడ్డీ దగ్గర జనార్దనరావు బల్ల మీద కూర్చున్నాడు. ఒళ్లో తువ్వాలు కప్పిన పంజరం, అందులో ఆయన భార్య ధనలక్ష్మి ప్రాణంలా చూసుకునే లవ్‌బర్డు. ఆవిడ తెల్లారే డయాలసిస్‌కి వెళ్లింది, సాయంత్రానికి తిరిగొస్తుంది. టీ చల్లారిపోతోంది గానీ జనార్దనరావు నోరు మాత్రం ఆగడం లేదు. పక్కన మేనల్లుడు త్రినాథ్ వింటున్నాడు.

"పిట్టల వైద్యం ఆషామాషీ అనుకున్నావేటి త్రినాథూ? పిట్టకి జబ్బు సేత్తే ఈకలు ఉబ్బించుకుని మూల కూకుంటాది, గింజ ముట్టదు. అప్పుడు మందు కన్నా ముందు దానికి ఎచ్చదనం కావాల. ఆ సంగతి నాకు తెలుసు గనక, ఓపాలి మా పిట్ట అలగే ముడుసుకుంటే పంజరం అట్టుకెళ్లి మన పేక్టరీలో జీడిపిక్కలు కాల్చే బట్టీ పక్కన తగిలించినాను. ఎచ్చగా కునుకు తీసినాది. ఆ తర్వాత ఏటయ్యిందో తెలుసా? గౌరీ, అదేటమ్మా సప్పుడు, డాక్టరు బాబేనా?"

కాదు, పాల బండి అంది గౌరి.

"సరే ఇను. గేదెకీ పిట్టకీ ఒకటే డోసు కాదు గదా, బరువు సూసి ఎయ్యాల. అందుకని జీడిపప్పు తూసే కాటా మీద దాన్ని తూసినాను. సూది తీసేసిన సిరంజితో ముక్కు పక్క నుంచి ఒక్క సుక్క, అంతే. లేసి ఈల ఏసినాది. ఆ ఈల ఇని గార్డే ఊదీసినాడనుకుని పూండి స్టేషన్లో రైలు కదిలిపోనాది!"

"గార్డేటన్నాడు మావా?"

"ఏటంటాడు, ఎనకాల పరిగెట్టినాడు. ఆ కబురు ఏటా తేలినీలాపురం సెట్ల మీద గూళ్లు కట్టే కొంగలకి ఎలిపోనాది. దెబ్బ తగిలినవన్నీ మా తోటకొచ్చి, కొబ్బరి సెట్టుకొకటి సొప్పున వరసలో కూకున్నాయి. ఓ ముసలి గూడబాతుకి రెక్క ఇరిగిపోతే కొబ్బరి ఈనెలు కట్టినాను. నయమయ్యాక అదేటి సేసిందో తెలుసా? నన్ను ఈపు మీద ఎక్కించుకుని టెక్కలి మీదుగా మహేంద్రగిరి దాకా తిప్పి తెచ్చినాది. పై నుంచి సూత్తే ఉద్దానం కొబ్బరి తోటలన్నీ కొత్తిమీర మడిలాగున్నాయి. ఇంకా గేటు తీయలేదేటమ్మా?"

లేదంది గౌరి. ఆయన తువ్వాలు మీద చెయ్యి వేసి, పంజరానికి చెవి ఆనించి విని, మళ్లీ గబగబా అందుకున్నాడు.

"ఇంతెందుకురా, ఊపిరి ఆగిపోయిన పిట్టని కూడా నాను..."

త్రినాథ్ తువ్వాలు ఎత్తాడు. పిట్ట పంజరం అడుగున ఉంది. ముక్కు తెరుచుకుని ఎగశ్వాస తీస్తోంది, ఊపిరి తీసినప్పుడల్లా తోక ఊగుతోంది.

"మావా, దీని ఒళ్లంతా జీడి పొగ కంపు కొడతంది. నువ్వు బట్టీ కాడ తగిలించింది ఎప్పుడో ఓపాలి కాదు, నిన్న గదా?"

జనార్దనరావు గభాలున పంజరం మీదికి వంగాడు. టీ గ్లాసు ఒలికింది.

"సందేళకి మీ అత్త వత్తాది. గుమ్మం ఎక్కగానే ముందు దీన్నే పిలుత్తాది. నానేటని సెప్పాలిరా?"

"అత్త సంగతి తర్వాత. ముందు డాక్టరుకి సెప్పు. కొంగల్నీ రైలునీ ఒగ్గేసి, బట్టీ పొగ పీల్చిందని ఒక్క ముక్క సెప్పు. అది దాసేసి కోతలు కోత్తే ఆయన మాత్రం ఏ మందేత్తాడు?"

ఎదురుగా గేటు తెరుచుకుంది. జనార్దనరావు పంజరాన్ని గుండెలకి ఆనించుకుని రోడ్డు మధ్య దాకా వెళ్లి, ఆగి వెనక్కి చూశాడు.

"నువ్వు కూడా రారా త్రినాథూ. ఆ ఒక్క ముక్కా సెప్పడానికి నాకు నోరు పెగల్దు."