రంగమ్మత్త చెప్పిన ఇందీ క్విజ్జు

"అవ్వా, మొన్న ఆ పాత క్విజ్ చూపిస్తే ఫోన్ నా చేతిలో పెట్టేసి గమ్మున లేచిపోయినావే, ఎందుకు?"

ఎందుకా? ఆమా, లేచిపోయినా. నీమీద కోపం కాదు సామీ. ఉండు, చెప్తా. రికార్డింగు పెట్టినావా? పెట్టుకో, పెట్టుకో. నేను పోయినాక విందువు గాని... సరే, సరే, అట్లా అననులే. మూతి ముడుచుకోవద్దు.

మన రంగమ్మత్త తెలుసు కదా, సూలూరులో కూతురింట్లో ఉండాదే, ఆమె. మీ తాతకు పెదనాయన పెండ్లాము, అంటే నాకు పెద్దత్త. ఇప్పుడు కండ్లు మసక, నడుము వంగిపోయింది, నోరు మాత్రం అట్లే ఉండాది. అప్పుడు మా వీధిలోనే కాపురం. వీధికంతా ఆమె ఇంట్లోనే టీవీ. నలుపు తెలుపు డబ్బా, దానికి చెక్క తలుపులు, తలుపులకు బీగం వేరే! ఒగ జత ఎద్దుల వెల పోసి కొనిందని మా అత్త, అదే మీ తాత వాళ్ళమ్మ, ఏడాది పొడుగునా మూతి తిప్పె. ఆ కాలంలో ఎద్దులంటే సుమ్మానా, ఊరికే వస్తాయా? మా నాయన అవినాశి సంతకు పోయి మూడు దినాలు తిరిగి... అది విడు. ఏం చెప్తాంటి? ఆఁ, టీవీ.

ఆదివారం పొద్దున పాలు పిండేసి, సంగటి కెలికి పెట్టేసి, ఆడోళ్ళమంతా ఆడికి పోతాము. వచ్చేదంతా ఇందీ. మనకేం తెలుసు ఇందీ? ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం, అంతే కదా. రంగమ్మత్తకు తెలుసు. అంటే, తెలుసని మా నమ్మకం. ఆమె సూలూరు విమానాల క్యాంపులో ఇండ్లకు పాలు పోసేది. ఆ వడక్కు, అదే ఉత్తరాది ఆడోళ్ళతో గలగలా మాట్లాడతాదని ఊరంతా చెప్పుకుంటారు. అందుకని టీవీ ముందర ఆమెకు బల్ల, మాకు చాప. వాండ్లు ఇందీలో అంటారు, ఈమె తెలుగులో చెప్తాది.

మొదట ఒగ నవ్వుల నాటకం వచ్చేది. మొగుడు పెండ్లాము, మధ్యలో ఒగ లావు మనిషి వచ్చి కుర్చీలో కూలబడతాడు. "వాడు దానికి తోడబుట్టినోడు, తినేకి వచ్చినాడు, ఇంగ లేవడు" అని అత్త చెప్తే, మేము కడుపు పట్టుకుని నవ్వేది! ఒగ వారం మొగుడు తల పట్టుకుని ఇంట్లోకి వస్తే, "పెండ్లానికి చెప్పకుండా ఎనుమును కొనేసినాడు, అది పాలియ్యదు" అనె. పట్నంలో, మేడ మీద ఇంట్లో ఎనుమేంది అని ఒగతైనా అడిగిందా? ఊహూఁ. అంత బాగా చెప్పేది. గొంతు మార్చి, చెయ్యి తిప్పి... ఆ నాటకం వాండ్లు ఆమె దగ్గర పాఠం నేర్చుకోవాల, నిజంగా చెప్తాండా.

దాని వెనక క్విజ్జు. ఇద్దరిద్దరు పిల్లోళ్ళు కూర్చోని ఉంటారు, కోటు వేసుకున్నాయన అడుగుతాడు, గంట కొడతారు. ఆయన నోరు మూసేలోపల అత్త తెలుగులో అడిగేది. "ఎనుము ఎన్ని నెలలు మోస్తాదంటాడు, ఎవురికి తెలుసు?"

నేనా? నేను మూలలో, తలుపు సందులో. ఇంట్లో మా అత్త నన్ను మక్కు అనేది, అంటే బుర్ర లేనిదని. పేరు పెట్టి పిలిచింది తక్కువ. "ఏ మక్కూ, నీళ్ళు తే", "ఆ మక్కుకేం తెలుసు." ఇస్కూల్లో కూడా అదే మాట తల్లీ. వాద్యారు అరవంలో అడుగుతాడు. జవాబు నాకు తెలుగులో వస్తాది. దాన్ని అరవంలోకి తిప్పుకునే లోపల పక్క పిల్ల చెప్పేస్తాది. దినమూ అంతే. ఎనిమిదిలో ఫెయిలు. ఇంగ నేనే అనుకున్నా, ఆమా, నేను మక్కే, దేవుడు అట్లా చేసినాడు అని.

ఆ పొద్దు ఏమాయెనో, "పది నెలలు, పైన పది దినాలు" అనేస్తి. నా గొంతు నాకే కొత్తగా వినపడె. ఎంటనే టీవీలో గంట కొట్టిరి, జనమంతా చప్పట్లు! రంగమ్మత్త నా దిక్కు తిరిగి, "రైటంటాడే! ఆ చప్పట్లు నీకే" అనె.

అయ్యో, ఎట్లా చెప్పేది నీకు! ఒళ్ళంతా జల్లుమనె. ఇంగ వారం వారం పోతిని. దూడకు ముర్రుపాలు ఎందుకు తాపాల, పత్తి గింజ ఎన్నో దినం మొలుస్తాది, పాలల్లో నీళ్ళు పోస్తే వేలితో ఎట్లా కనుక్కోవాల... అన్నీ నాకు తెలిసినవే అడుగుతాడు ఆ కోటాయన! ఒగసారి టీవీలో ఏదో పెద్ద కొండ చూపిస్తాంటే, "అదేందత్తా, ఎనుముల గురించి అడిగి కొండ చూపిస్తాడు?" అంటి. "అది అడ్వర్టైజ్‌మెంటు, నువ్వు జవాబు చెప్పు" అనె. రెండుసార్లు తప్పు అని కూడా చెప్పింది. అందుకే నమ్మినా.

ఆ ఏడే పాల సొసైటీ వచ్చె. పాలు పరీక్ష చేసేకి ఆడమనిషి కావాల, ఎవురు నేర్చుకుంటారు అని అడిగిరి. ఊరంతా ఉండారు, ఒగరూ కదల్లేదు. నేను లేచి నిలబడితి. మా అత్త కొంగు పట్టి లాగె. టీవీలో అంతమంది చప్పట్లు కొట్టిరి, ఈ పదిమందికి భయపడేదా అనుకుంటి. ఇరవై ఐదేండ్లు చేసినా ఆ పని. మీ నాయన చదువు, ఈ ఇల్లు, అంతా దాంట్లో వచ్చిందే. మక్కు అన్న నోరు కూడా మూసుకునె.

మొన్న నువ్వు అదే క్విజ్జు తీసి, ఇస్కూల్లో నేర్చిన ఇందీతో అర్థం చెప్తివి కదా. ఏ దేశానికి రాజధాని ఏది, ఏ గ్రహానికి ఎన్ని చందమామలు. ఒగటి చూపిస్తివి, రెండు చూపిస్తివి, నాలుగు చూపిస్తివి. ఎనుము లేదు, పత్తి లేదు. ఆ చప్పట్లు ఎవురికో కొట్టినవి. నాకు కాదు. అట్లైతే నేను మక్కేనా? అబద్ధం నమ్మి లేచి నిలబడినానా ఆ దినం? అదే మనసులో. అందుకే లేచిపోయినా.

మరుసటి దినం పొద్దున్నే బస్సెక్కి సూలూరు పోతి. ఆమె వాకిట్లో ఎండకు కూర్చోని ఉండె. "అత్తా, నిజం చెప్పండి, మీకు ఇందీ ఎంత తెలుసు?" అంటి.

"పాలు, నీళ్ళు, రేపు, లేదు. నాలుగు మాటలు" అనె! సిగ్గన్నా లేదు ముసల్దానికి. పండ్లు లేని నోటితో పకపకా నవ్వె.

నాకు ఏడుపు వచ్చేసె. "ఎందుకత్తా నన్ను అట్లా మోసం చేస్తిరి? ఆ టీవీవాడు అడిగినదానికి నేను ఒగ జవాబు కూడా చెప్పలేదు కదా" అంటి.

నవ్వు ఆపేసె. నా చెయ్యి పట్టుకుని, "ఏమే, ఏమడిగినా జవాబు నీ పెదాల మీద ఆడేది నాకు కనపడె. బయటికి రాకపాయె. నేను అడిగితే చెప్తావా? టీవీవాడు అడిగినాడంటే చెప్తివి" అనె. మళ్ళీ, "ప్రశ్న నేను అల్లినా. జవాబు ఎవురు చెప్పిరే? నేనా చెప్పింది?" అనె.

ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడిస్తి, ఈ వయసులో. అంతమందిలో ఒగ మూల కూర్చున్నదాన్ని చూసింది పాపా ఆమె. చదువు లేదు, ఇందీ లేదు, ఏమీ లేదు. ఎంత తెలివి, ఎంత మనసు...

ఏందే, నువ్వేడుస్తాండావా? దా, ఇట్లా దా. నూరేండ్లు చల్లగా ఉండు తల్లీ. నీకు కూడా అట్లాంటి అబద్ధాలు చెప్పే అత్త ఒగతి దొరకాల.