చేపల తొట్టికి అందని అద్దపు మూత

నా అసలు పేరు పైన రాసుకున్నారు. అందరూ నన్ను అద్దాల మేస్త్రి అంటారు. వయసు యాభై నాలుగు. బస్టాండు వెనక సందులో అద్దాలు కోసి బిగించే కొట్టు నాది. నన్నెవరూ పిలిపించలేదు. ఈ రోజు, మంగళవారం ఉదయం పదిన్నరకు నేనే పోలీసు స్టేషనుకు వచ్చాను.

పోయిన శుక్రవారం నిప్పంటుకున్న ఇంటి గురించి చెప్పడానికి వచ్చాను. ఆ ఇంట్లో అద్దెకుండే ఆమె బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. భర్త లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. ఇంట్లో ఉండేది ఆమె, ఆమె మామగారు. పెద్దాయనకు ఏడాది కిందట పక్షవాతం వచ్చి మాట పోయింది. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తారు. పొద్దస్తమానం చేపల తొట్టి ముందే కూర్చుంటారు.

అంతకు ముందు శనివారం సాయంత్రం ఐదు గంటలకు ఆ తొట్టికి మూత కొలతలు తీసుకోవడానికి వెళ్లాను. ముప్పై ఆరు అంగుళాల పొడవు, పదిహేను వెడల్పు. రెండు ముక్కలుగా కోయాలి, తీగల కోసం ఒక మూల తీసేయాలి. పెద్దాయనకు ఉక్కపోత, అందుకని ఫ్యాను ఆపరు. ఆ గాలికి తొట్టిలో నీళ్లు రోజుకో వేలెడు మందం ఆవిరైపోతున్నాయని ఆమె చెప్పింది. అప్పటికి తొట్టి మీద మందపాటి ప్లాస్టిక్ కవరు పరిచి, చుట్టూ తాడు కట్టి ఉంది.

"ఇది కప్పాక వారానికి కూడా వేలెడు తగ్గట్లేదు బాబాయ్. కాకపోతే మసక. మామయ్యకు పైనుంచి చేపలు కనిపించట్లేదు, అందుకే అద్దం" అంది.

నీళ్లు వెచ్చబెట్టే హీటరు కడ్డీ తొట్టిలో అడ్డంగా అతికించి ఉంది. నీటి మట్టానికి రెండు వేళ్ల కిందే ఉంది. కొలుస్తుంటే చూశాను. చూసి ఊరుకున్నాను.

కొలతల కోసం ఆ కవరు నేనే విప్పాను. తిరిగి కప్పలేదు. "సోమవారానికి అద్దమే వస్తుంటే ఈ ముతక కవరు దేనికమ్మా" అని చుట్టి సంచిలో పెట్టుకున్నాను. అద్దాలు చుట్టడానికి పనికొస్తుందనుకున్నాను.

ఆదివారం ఒక బట్టల షాపు ముందరి అద్దాల పని వచ్చింది. పెద్ద పని. సోమవారం ఆమె ఫోన్ చేస్తే రేపన్నాను. మంగళవారమూ రేపే అన్నాను. మా పనివాళ్ల రేపు ఎప్పుడొస్తుందో మాకే తెలియదని ఆమె నవ్వింది కూడా. రోజూ పొద్దున్నే బిందెతో నీళ్లు పోస్తున్నానని చెప్పింది.

గురువారం ఉదయం ఏడూ ఇరవైకి మళ్లీ ఫోన్ చేసింది. ఆ రోజు నవ్వలేదు.

"బాబాయ్, నిన్న మధ్యాహ్నం మోటారు కాలిపోయింది. కుళాయి రావట్లేదు. ఉన్న బిందెడూ మామయ్య తాగడానికే. నాకు రెండు రోజులు డబల్ డ్యూటీ. అద్దం అవకపోతే పోయింది, నా కవరు నాకిచ్చెయ్."

"కవరెందుకమ్మా, రేపు పొద్దున్నే అద్దమే తెస్తా" అన్నాను.

కవరు నా కొట్లోనే ఉంది. ఆమె ఇంటికి సైకిలు మీద పది నిమిషాలు.

శుక్రవారం పొద్దున్న వెళ్లలేదు. షాపు పనే చూసుకున్నాను. ఒంటి గంటకు మూత కోయడం మొదలుపెట్టాను. కోయడానికి, అంచులు నూరడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నర పని సోమవారం చేయలేదు.

మూడూ పదికి ఆమె సందు మొదట్లో ఉన్నాను. సైకిలు వెనక అద్దం, దానికి చుట్టింది ఆమె కవరే. అప్పటికే ఫైరింజను వచ్చి ఉంది. నీళ్లు తగ్గి కడ్డీ బయటపడి పగిలిందని, పక్కనున్న కర్టెను అంటుకుందని ఫైరు వాళ్లు అనుకుంటుంటే విన్నాను. ఎలా అంటుకుందో నేను చూడలేదు. చూసింది చెబుతాను. పెద్దాయన ఎదురింటి అరుగు మీద కూర్చున్నారు. కుడి చెయ్యి మణికట్టు దాకా కాలింది. కాళ్ల దగ్గర బకెట్టు. అందులో ఏడు చేపలున్నాయి. లెక్కపెట్టాను, ఏడు. ఆ చేతితోనే తీశారట.

ఆయన నన్ను చూశారు. సైకిలు మీది అద్దాన్నీ చూశారు. ఆయనకు మాట లేదు. నేను సైకిలు తిప్పుకుని వెళ్లిపోయాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. శనివారం చెప్పలేదు. ఆదివారం కూడా చెప్పలేదు.

నిన్న సాయంత్రం ఇంటి ఓనరు కిటికీ అద్దాల కోసం నా కొట్టుకొచ్చాడు. "కదల్లేని మనిషిని లోపలుంచి హీటరేసి పోయింది. కేసు పెట్టాను, పీడా విరగడవుతుంది" అన్నాడు. ఆమె నా మాట ఎత్తిందా అనడిగాను. "ఎవరి మాటా ఎత్తలేదు. నీళ్లు చూసుకోవాల్సింది నేనే, తప్పు నాదే అంటోంది" అన్నాడు. అతని పని నేను ఒప్పుకోలేదు.

ఆమె నాలుగు సార్లు అడిగింది. సోమ, మంగళ ఫోన్లు, గురువారం ఫోను, బుధవారం కొట్టు ముందు బస్సు దిగి ఒకసారి. అది చెప్పడం మరిచాను. కలిపి రాయండి. ఆమె అజాగ్రత్త మనిషి కాదు. ఫోన్ల సంగతి నా సెల్‌లో చూసుకోవచ్చు. కవరు, అద్దం రెండూ తెచ్చాను, బయట బెంచీ మీద ఉన్నాయి.

రాసింది రైటరు గారు చదివి వినిపించారు. ఒక చోట "మూత ఇవ్వడంలో ఆలస్యమైంది" అని ఉంది. నేను అలా చెప్పలేదు. ఆలస్యం కాలేదు, నేను చేశాను. "ఆలస్యం చేశాను" అని దిద్దించాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది. ఎవరి బలవంతమూ లేకుండా, తెలిసి చెప్పిన నిజం ఇది.

అంకెలు తప్ప అక్షరాలు రానందున ఎడమ చేతి బొటనవేలి ముద్ర.

(వేలి మీద పాత అద్దపు కోతల వల్ల మొదటి ముద్ర స్పష్టంగా పడలేదు. రెండోసారి తీసుకోవడమైనది. దిద్దిన చోట కూడా ముద్ర వేయించడమైనది. — రైటరు)