చీరకి మ్యాచింగ్ పువ్వు

ఇంతవరకు పైకి అనని మాట ఒకటుంది. అమ్మతో రోజూ మాట్లాడతానని అందరికీ చెబుతాను. అబద్ధం. ఎమ్మెస్ మానేసి సొంతంగా కోడింగ్ నేర్చుకుంటానన్నప్పుడు, "ఫోన్ చూసి నేర్చేదీ ఒక చదువేనా?" అంది. అప్పట్నుంచీ తను పార్సిప్పనీ ఊళ్ళో, నేను కార్లో నాలుగైదు గంటల దూరాన హెర్న్‌డన్‌లో. మాటల్లేవు.

మా అపార్ట్‌మెంట్స్‌లోనే ఉండే సరోజా ఆంటీని నిన్న అడిగాను: "మన గుడి ఉండగా, వియత్నాం వాళ్ళ బుద్ధుడి గుడికి ఎందుకెళ్తారు ఆంటీ?"

"అక్కడ పార్కింగ్ దొరుకుతుంది కాబట్టి. నవ్వకే. అసలాయన ఎవరివాడనుకున్నావు? మన దేశం నుంచి వర్తకులతో, సన్యాసులతో ఓడెక్కి వియత్నాం వెళ్ళినవాడే. తర్వాత వాళ్ళ దగ్గరికి చైనా వైపు నుంచీ వచ్చాడట. మరి మనమేం చేశాం? అమరావతి స్తూపం రాళ్ళని సున్నానికి కాల్చుకున్నాం. గోడలు తెల్లగా ఉండాలిగా! వాళ్ళేమో యుద్ధం అయ్యాక ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పడవల్లో పారిపోతూ కూడా ఆయన్ని వదల్లేదు. ఇక్కడికొచ్చి ముందు ఎవరింటి హాల్లోనో కూచోబెట్టారు, గుడి తర్వాత. ఇదంతా లాన్ అని, ఆఫీసులో నా పక్క సీటు వియత్నామావిడ చెప్పింది. మీ అంకుల్ ఇన్నేళ్ళలో నాతో అంత మాట్లాడలేదులే.

ఏం చెబుతున్నా? ఆఁ, గుడి. అక్కడి పువ్వు సంగతి చెప్పాలి నీకు. ఏటా వాళ్ళకి అమ్మానాన్నల పండగొకటి ఉంది. చాలా ఏళ్ళ కిందట మొదటిసారి వెళ్ళా. గుమ్మంలో పళ్ళెం నిండా గులాబీలు, ఎర్రవీ తెల్లవీ. లాన్ కారు పార్క్ చేసొచ్చేలోపు నేను తెల్లది తీసి పెట్టేసుకున్నా. ఎందుకూ? చీర అంచు తెలుపు. గుంటూరు దాన్ని కదా, మ్యాచింగ్ లేకపోతే దేవుడు కూడా లోపలికి రానివ్వడు! లోపల ఒకటే మర్యాద. ముసలమ్మలు వచ్చి నా చేతులు పట్టుకుంటున్నారు, ఒకావిడ కళ్ళు తుడుచుకుంటోంది. అబ్బో, నాకెంత గౌరవమో అనుకున్నా. ఇంతలో లాన్ వచ్చి చూసి, 'మీ అమ్మ ఎప్పుడు పోయింది?' అంది. తెల్లది అమ్మ లేనివాళ్ళు పెట్టుకునేదట! ఎర్రది ఉన్నవాళ్ళకి.

మా అమ్మ తెనాలిలో నిక్షేపంగా ఉంది. అయినా గుండె ఆగదే! ఇంటికి పరిగెత్తి ఫోన్ చేశా. అప్పట్లో ఇండియాకి ఫోనంటే మీ అంకుల్ గడియారం చూస్తూ పక్కనే నించునేవారు. అమ్మేమో, 'బతికే ఉన్నానే, ఎందుకీ దండగ ఖర్చు, పెట్టెయ్' అని తిట్టింది. ఆ తిట్టు వినగానే ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు... ఏ చీర కట్టినా తెల్లదేలే.

సరే, ఈ ఆదివారం ఆ పండగే, నువ్వూ రా. నీకే రంగు తియ్యమని చెప్పను లాన్‌కి?"

"ఎరుపు," అన్నాను.

"నీ జుట్టు నెరిసేదాకా ఎర్రదే పెట్టుకో తల్లీ. రోజూ మాట్లాడుతుంటావుగా మీ అమ్మతో, అదే అదృష్టం."

ఎప్పట్లాగే "ఆఁ" అనబోయాను. మానేసి, "వస్తానాంటీ" అని లేచాను.

కిందికొచ్చి కార్లో కూర్చుని అమ్మ నంబర్ తీశాను. తిడుతుంది. తిట్టనీ.