రెండో చరణం

సొంతూరికి దూరంగా, వైశాలి పట్టణంలోని ఇంట్లో, చెడిపోయిన హార్డ్ డిస్కును మరిది ఫ్రీజర్‌లోంచి తీసి కంప్యూటర్‌కు తగిలించాడు. పక్కనే వదిన, ఒళ్లో పాపతో కూర్చుంది.

"దీనికి చేపల వాసన పట్టిందయ్యా."

"పట్టనీండి వదినా. చల్లగా ఉన్నంతసేపే తిరుగుతుంది. ముందు ఏది కాపీ చెయ్యను? పెళ్లి ఫోటోలా, మీ అమ్మగారి పాటా?"

"పాటే. ఫోటోలు బంధువుల దగ్గరున్నాయి. అమ్మ పాడిన జోల ఇందులో తప్ప ఇంకెక్కడా లేదు."

"వచ్చేస్తుంది, చూడండి."

"ప్రార్థన చేశాక మళ్లీ ఫ్రీజర్‌ను నమ్ముకోవడం అవిశ్వాసం కాదూ?"

"మన ఊళ్లో ప్రార్థన చేసుకున్నామని వల వెయ్యడం మానేస్తారా?"

"అదీ నిజమే. పరలోకంలో అమ్మ పాట ఎలాగూ వింటాను. పాపను మాత్రం ఇక్కడే నిద్రపుచ్చాలి. నాకేమో మొదటి చరణమే వచ్చు."

"వచ్చేసింది వదినా! ఇక ఫోటోలు కాపీ చెయ్యనా?"

"అవి ఉండనీ బాబూ. ముందు ఆ రెండో చరణం వినిపించు."